మా టవరు మోసిన నీళ్లు

ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే 'సిగ్నల్ పని' అంటాను. అంతే, పట్టుకుంటారు. "అయితే మా ఇంట్ల నెట్ ఎందుకొస్తలేదో చెప్పు." పెళ్లి పందిట్లో పట్టుకుంటారు, ఆస్పత్రి వరండాలో పట్టుకుంటారు. మా మేనమామ దినాల నాడు పిండం పెట్టి, కాకి కోసం అందరం పైకి చూస్తుంటే ఒక పెద్దాయన నా భుజం తట్టి, "మీ టవర్లు వచ్చినంక కాకులు తక్కువైనయి గద తమ్మీ" అన్నాడు. కాకి రాకపోవడానికి కూడా నేనే జవాబుదారీ. ఆ పెద్దమనిషే కాసేపటికి చెట్టు పక్కకు పోయి, అదే టవరు పుణ్యాన ఫోన్లో క్రికెట్ చూసుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

పటాన్‌చెరు నుంచి కంది దాకా, అటు కొండాపూర్ మండలంలో కొన్ని పల్లెల దాకా సెల్ టవర్లు చూసుకోవడం నా ఉద్యోగం. కంపెనీ చొక్కా వేసుకుని, నడుముకు బెల్టు తగిలించుకుని ఎక్కి దిగుతుంటాను. దూరం నుంచి చూసేవాళ్లకు అదేదో గొప్పగా ఉంటుంది. దగ్గరికొస్తే తెలుస్తుంది. చేయి పెట్టిన చోటల్లా పావురాల రెట్ట. కింది గదిలో బ్యాటరీల వెనక ఎలుక చచ్చి ఎన్నాళ్లయిందో. వీటన్నిటి మీద ఫ్యాక్టరీల కంపు. ఒక మలుపులో కుళ్లిన కోడిగుడ్డు, ఇంకో మలుపులో గోళ్ల రంగు, ఇంకాస్త ముందుకు పోతే మందుబిళ్ల నాలుక మీద కరిగినట్టు చేదు. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే గుడ్డకు కూడా పట్టేస్తుంది. నా భార్య ఆ చొక్కాల్ని మిగతా బట్టలతో కలిపి ఉతకదు.

టవరు పైనుంచి వాగు కనబడుతుంది. వాగు అని అలవాటు కొద్దీ అంటున్నాను. ఒకరోజు చాయ్ రంగులో ఉంటుంది, ఒకరోజు తుప్పు రంగులో, మీద మనిషి నడుమెత్తు నురగ. ఆ వాగు ఒడ్డునే మా అక్క చేను. రెండెకరాలు, అందులో ఒక బావి. అక్క నాకంటే పదేళ్లు పెద్దది. బావ పోయాక ఆ బావిని నమ్ముకునే ఇద్దరాడపిల్లల్ని పెంచి పెళ్లిళ్లు చేసింది. వరి ఒక మడి వేసుకుని మిగతాదంతా ఆకుకూరలు పండించేది. తెల్లారేసరికి కొత్తిమీర, పాలకూర కట్టలు ఆటోలో వేసుకుని సంగారెడ్డి అంగడికి చేరేది. ఆ బావి నీళ్లు చెడిపోయాయి. చెడగొట్టింది నేను కాదు. కానీ చెడిపోలేదని ఆఫీసులో నిలబడి సాక్ష్యం చెప్పింది మాత్రం నేనే. అదెట్లా జరిగిందో చెప్పాలంటే ముందు ఫోన్లో మాటా బొమ్మా ఎలా పోతాయో చెప్పాలి. కొంచెం ఓపిక పట్టండి.

ఒకరోజు మధ్యాహ్నం అక్క బావి గడ్డ మీద కూర్చుని కొత్తిమీర కట్టలు కడుతోంది. జహీరాబాద్‌లో ఉన్న చిన్నకూతురు తన పసిబిడ్డ వీడియో పంపింది. అక్క దాన్ని నాలుగుసార్లు చూసి, "గీ పిల్ల గంత దూరం నుంచి గీడికి ఎట్లొచ్చింది తమ్మీ? శాటిలైట్ల కెళ్లేనా?" అంది.

శాటిలైట్ అనే మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. డిగ్రీలు చదివినవాళ్లూ అదే అంటారు.

"శాటిలైటు లేదు, గీటిలైటు లేదక్కా. గాలిల పొయ్యేది మన ఊరి టవర్ దాకనే. ఆడికెళ్లి అంతా నేల కిందనే."

"నేల కిందనా!"

ఆమెకు చెప్పిందే మీకూ చెబుతాను. ఫోనంటే చిన్న రేడియో. ఇంట్లో రేడియోకి వినడమే వచ్చు, దీనికి మాట్లాడటం కూడా వచ్చు. కంటికి కనబడని అలల్ని వదులుతుంది. అవి నీరసమైన అలలు. కొద్ది కిలోమీటర్లు పోయేసరికి సొమ్మసిల్లుతాయి, మధ్యలో ఇనుప రేకుల షెడ్డు అడ్డొస్తే అక్కడే ఆగిపోతాయి. అందుకే అడుగడుగునా టవరు పెట్టాల్సి వచ్చింది. టవరు పైన నిలువుగా బిగించిన పొడుగాటి తెల్ల డబ్బాలు చూసుంటారు. మూడు దిక్కులకు మూడు. అవే టవరు చెవులు, అవే నోళ్లు. మీ ఫోన్ అన్నది ఆ చెవిన పడి, కిందున్న పెట్టెలోకి దిగి, అక్కడినుంచి భూమిలో పాతిన గాజు తీగలో వెలుగుగా మారి పరుగెడుతుంది. వెంట్రుకంత సన్నటి తీగ. రోడ్డు పక్కన జేసీబీ తవ్వినప్పుడల్లా తెగేది అదే, దానికి తిట్లు తినేది నేను. ఆ తీగ పట్నంలో పెద్ద ఎక్స్చేంజీకి పోతుంది. అక్కడ ఎవరిది ఎటు పోవాలో చూసి, మళ్లీ తీగల్లోంచే అవతలి ఊరి టవరుకు పంపిస్తారు. ఆ టవరు గాల్లోకి వదిలితే అవతలి ఫోన్ అందుకుంటుంది.

"గింత బొమ్మ వెంట్రుకంత తీగల ఎట్ల వడ్తది రా?"

"కొత్తిమీర మడి మొత్తం పెరికి ఒక్కటే మోపు కట్టి అంగడికి పంపుతవా నువ్వు?"

"పంపితే నలిగి సస్తది."

"గందుకే కట్టలు కడ్తవు. ఇదీ గంతే."

వీడియో గానీ ఫోటో గానీ ఒక్క మోపుగా పోదు. ఫోన్ దాన్ని వేల చిన్న కట్టలుగా కడుతుంది. ప్రతి కట్టకూ ఒక చీటీ. ఎక్కడికి పోవాలి, ఎన్నో నంబరు కట్ట, రెండూ దాని మీద ఉంటాయి. ఒకటి ముందు పోవచ్చు, ఒకటి వెనక పోవచ్చు, ఒకటి వేరే దారిన పోవచ్చు. అవతలి ఫోన్ నంబర్లు చూసుకుని వరసగా పేర్చుకుంటుంది. చీటీ మీద ఇంకో అంకె కూడా ఉంటుంది. కట్టలో ఉన్న సరుకును లెక్కగట్టి వేసిన అంకె. అవతలివాళ్లు విప్పగానే మళ్లీ లెక్కగడతారు. అంకె కలవలేదా, ఆ కట్ట దారిలో చెడిందని పారేసి, మళ్లీ పంపమని కబురు చేస్తారు. ఇదంతా మీరు రెప్ప వేసేలోపు అయిపోతుంది.

షిఫ్టు వదిలే వేళ నెట్ ఎందుకు నత్తనడక నడుస్తుందో కూడా చెప్పాను. టవరు ఒక్కటే, దాన్ని అడిగేవాళ్లు వేలమంది. సెకనును వెయ్యి ముక్కలు చేసి, ఈ ముక్క నీకు, ఈ ముక్క నీకు అని పంచుతుంది. మనుషులు పెరిగితే ముక్క చిన్నదవుతుంది. ముంబై హైవే మీద బస్సులో మాట్లాడుతూ పోతుంటే, ఈ టవరు వదలకముందే ముందరి టవరు అందుకుంటుంది. మనకు తెలియను కూడా తెలియదు.

అక్క కట్ట కడుతూనే అంతా విని, "అంటే దారిల ఎవ్వడు చెయ్యి పెట్టలేడన్నట్టు" అంది.

"పెట్టలేడక్కా. పెడితే అంకె తప్పుతది."

"మంచి కొలువే చేస్తున్నవ్ పో" అంది. ఆ మాటకు పొంగిపోయాను. ఊళ్లో నా పని అర్థం చేసుకున్నది ఆమె ఒక్కతే అనుకున్నాను.

ఆ ఎండాకాలమే బావి నీళ్ల మీద సన్నటి తెట్టు కట్టడం మొదలైంది. కొత్తిమీర ఆకు అంచులు మాడిపోయేవి. బర్రె కుండీ దగ్గరికొచ్చి మూతి పెట్టి, ఫుర్రుమని తల విదిలించి వెళ్లిపోయేది. ఎగువన, వాగు మీదే, మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటి ఉంది. పనికిరాని నీళ్లు శుద్ధి చేసే వదులుతున్నామని దాని గేటు మీద పెద్ద బోర్డు, పక్కన పూలమొక్కలు. పైన పటారం, లోన లొటారం.

సరిగ్గా అప్పుడే ఆ ఫ్యాక్టరీ నుంచి మా కంపెనీకి ఫిర్యాదొచ్చింది. సిగ్నల్ లేదట. పెద్ద కస్టమరు, జల్దీ పో అని మా సూపర్‌వైజరు ఫోన్. వెళ్లాను.

అక్కడ సంగతేమిటంటే, ఇలాంటి ఫ్యాక్టరీలు బయటికి వదిలే నీటిలో మురికి ఎంతుందో కొలిచే మీటరు ఒకటి పెట్టాలి. దాని వైరు చివర వేలెడంత గొట్టం ఉంటుంది. ఆ గొట్టం కాలువలో మునిగి ఉండాలి. మీటరు పెట్టెలో మన ఫోన్లో ఉన్నట్టే ఒక సిమ్ ఉంటుంది. పావుగంటకోసారి అది తన కొలతను కట్టలు కట్టి మా టవరుకు పంపిస్తుంది. అక్కడినుంచి సంగారెడ్డిలో ఈ లెక్కలు చూసే ఆఫీసుకు చేరుతుంది. ఆఫీసులో కూర్చునే ఏ ఫ్యాక్టరీ ఏం వదులుతోందో చూడొచ్చన్న మాట. ఈ ఫ్యాక్టరీవాళ్లు కొత్తగా ఇనుప రేకుల షెడ్డు లేపారు. అది సరిగ్గా మీటరుకూ టవరుకూ మధ్య నిలబడింది. కొలతలు పోవడం ఆగింది. కొలత రాకపోతే ఆఫీసు నోటీసిస్తుంది.

"దేవుడిలా వచ్చారండీ" అన్నాడు అక్కడి మేనేజరు. చాయ్ తెప్పించాడు, సమోసాలు తెప్పించాడు. ఆ కంపులో కూర్చుని రెండు తిన్నాను.

నేను చేసింది చిన్న పనే. మీటరు పెట్టెలోంచి కేబులు లాగి, గోడ పైకి ఎక్కించి, షెడ్డుకు ఎత్తులో చిన్న యాంటెన్నా బిగించాలి. గోడకు డ్రిల్లు పెట్టబోతూ కింద చూశాను. మీటరు వైరు కాలువలో లేదు. కాలువ పక్కన ఒక తెల్ల బకెట్లో ఉంది. బకెట్లో తేటగా నీళ్లు. చూశాను. చూడలేదని ఇప్పుడు బుకాయిస్తే నా నోట్లో పురుగులు పడతాయి. కడగడానికి పెట్టుకున్నారేమో అనుకున్నాను. అనుకున్నానా, అనుకోవాలని అనుకున్నానా, నాకే తెలియదు. మా పనిలో ఒక పద్ధతుంది. కట్ట బయల్దేరిందా, చేరిందా, అంతవరకే చూస్తాం. విప్పి చూడకూడదు. అది మంచి పద్ధతే, మీ మాటలు మీకే ఉండాలి కదా. ఆ పద్ధతి పద్దెనిమిదేళ్లుగా నా కళ్లకు కూడా పట్టింది. డ్రిల్లు దుమ్ము ఆ నీళ్లలో పడుతుందేమోనని, పక్కనున్న మూత తీసుకుని బకెట్టు మీద జాగ్రత్తగా పెట్టాను. వైరు నలగకుండా మూత అంచు కొంచెం ఓరగా ఉంచాను.

యాంటెన్నా బిగించగానే పచ్చలైటు వెలిగింది. మేనేజరు చేతులు పట్టుకుని ఊపాడు. పని బాగా చేశానన్న తృప్తితో ఇంటికొచ్చాను, థూ.

వానలు పడ్డ కొత్తలో అక్క ఫిర్యాదు పెట్టింది. ఎవరూ తోడు రాలేదు. ఊళ్లో సగం మందికి ఆ ఫ్యాక్టరీలోనే పని, మిగతా సగానికి రేపు దొరుకుతుందేమోనన్న ఆశ. ఒక్కతే అంగడి నుంచి నేరుగా ఆఫీసుకు పోయింది. నేను కందిలో ఉండగా ఫోన్ వచ్చింది.

"తమ్మీ, గీ సారు కంప్యూటర్ల సూపెడ్తున్నడు, అంతా మంచిగనే ఉన్నదట. మిషన్ల పచ్చగ కనవడుతున్నది. నువ్వు జెర జల్దీ రా. గీ మిషన్ ముచ్చట నీకే తెలుస్తది."

వెళ్లాను, కంపెనీ చొక్కాతోనే. ఆఫీసరు నడివయసు మనిషి, చెడ్డవాడు కాదు. కుర్చీ వేయించాడు. తెరమీద ఫ్యాక్టరీ కొలతలు చూపించాడు. వారాలకు వారాలు ఒకే గీత, ఎత్తుపల్లాలు లేకుండా.

"మీ అక్కగారు అనేదేంటంటే, ఈ లెక్కల్ని ఎవరో మధ్యలో మార్చేశారని. అట్లా మార్చడానికి వీలుంటుందా?"

అక్క నా ముఖంలోకి చూస్తోంది. నాకు అడగాల్సిన మనిషి, అడగాల్సిన ప్రశ్న అడిగినట్టయింది. జన్మలో మొదటిసారి ఒక ఆఫీసరు నన్ను నెట్ ఎందుకు రాదని కాకుండా, నెట్ ఎలా పోతుందని అడిగాడు. ఆగుతానా! కట్టలు, చీటీలు, అంకెలు, గాజు తీగలు మొత్తం చెప్పాను. సరుకు దారిలో చెడితే అవతల పారేస్తారని, మూట కట్టేటప్పుడే తాళం వేస్తారని, ఆ తాళం చెవి ఇవతలివాళ్ల దగ్గరా అవతలివాళ్ల దగ్గరా తప్ప మా దగ్గర కూడా ఉండదని చెప్పాను.

"మార్చడం అయ్యే పని కాదు సార్. మీటరు ఏది పంపిందో అదే మీకొచ్చింది. నేనే స్వయంగా యాంటెన్నా బిగించిన."

"ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదండీ" అన్నాడు ఆఫీసరు. "అదే రెండు ముక్కలు రాసివ్వండి, ఫైల్లో పెడతాను."

రాసిచ్చాను. గుండ్రటి అక్షరాలతో, ఉద్యోగం పేరు రాసి, సంతకం పెట్టి. నిజంగా చెబుతున్నాను, అందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు.

బయటికొచ్చాక అక్క ముందు నడిచింది. బస్టాండు దగ్గర నా చేతిలో పాలకూర కట్ట ఒకటి పెట్టింది. "నువ్వు సదువుకున్నోనివి. నువ్వన్నవంటే నిజమే అయ్యుంటది. నా బాయికే ఏమన్నయిందేమో తియ్" అంది.

బావికే ఏదో అయిందని నమ్మింది. మనుషుల్ని పెట్టి పూడిక తీయించింది. సున్నం వేయించింది, బ్లీచింగ్ చల్లించింది. మళ్లీ కొత్తిమీర జల్లి అవే నీళ్లు పెట్టింది. మొలక వచ్చింది, చచ్చింది. ఆమె కాళ్ల మీద మోకాళ్ల దాకా దద్దుర్లు లేచి, గోకి గోకి నీరు కారాయి. చూడలేక తల తిప్పుకునేవాణ్ని. దసరా ముందు చూడి బర్రె ఈసుకుపోయింది, నెలలు నిండకుండానే దూడ చచ్చి పడింది. "నా నసీబే ఖరాబున్నది" అంది తప్ప ఫ్యాక్టరీ మాట మళ్లీ ఎత్తలేదు. తమ్ముడు కాదన్నాడు కదా.

దసరా తర్వాత అదే ఫ్యాక్టరీ నుంచి మళ్లీ పిలుపు. యాంటెన్నా జాయింటులోకి వాన నీరు దిగిందట. మేనేజరు ఊళ్లో లేడు. నేను నేరుగా వెనక గోడ దగ్గరికి పోయాను. అక్కడ ఒడిశా నుంచి వచ్చిన కార్మికుడొకడు కూర్చుని ఉన్నాడు. తెల్ల బకెట్టు వంపేసి, తాగునీటి క్యాన్లోంచి కొత్త నీళ్లు పోస్తున్నాడు. తర్వాత జేబులోంచి పొట్లం తీసి, మురికి మరీ సున్నా చూపిస్తే అనుమానమొస్తుందని కాబోలు, చిటికెడు మన్ను వేసి కర్రతో కలిపాడు. మీటరు గొట్టాన్ని మెల్లగా అందులో దించి మూత పెట్టాడు. నేను పెట్టిన మూతే.

"క్యా కర్ రహే హో భాయ్?"

"మీటర్ కా పానీ బదల్ రహా హూ సాబ్. రోజ్ సుబహ్ బదల్నా హై." మీటరు నీళ్లు మారుస్తున్నాడట, రోజూ పొద్దున్నే మార్చాలట. దాచేదేమీ లేనట్టు నవ్వాడు. అతనికి చెప్పిన పని అది, చేస్తున్నాడు.

గొట్టాన్ని ఇందులో ఎందుకు పెట్టరని నేను కాలువ వైపు చూపించాను. ముదురు గోధుమరంగు నీళ్లు బుడగలు తీస్తూ వాగు వైపు పోతున్నాయి. కళ్లు మండుతున్నాయి. "ఇస్‌మే క్యూ నహీ డాల్తే?"

"ఉస్‌మే డాలేంగే తో మీటర్ ఖరాబ్ హో జాయేగా నా సాబ్!"

అందులో పెడితే మీటరు పాడైపోతుందట. మీటరు పాడవకుండా చూసుకుంటున్నారు. గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ బకెట్టు నీళ్ల కొలతను వెయ్యి ముక్కల సెకనులో ఒక ముక్క కేటాయించి, అంకె తప్పకుండా, తాళం వేసి, గాజు తీగలో వెలుగుగా మార్చి ఆఫీసుకు చేర్చాం. ఒక్క కట్ట కూడా దారిలో చెడలేదు. ఆ మాటే నేను రాసిచ్చాను. దారి బాగుంటే సరుకు మంచిదేనని లోకంలో ఇంకెవరైనా అనుకుంటారా? కూరగాయలు అమ్ముకునేవాళ్లు అనుకోరు, పాలు పోసేవాళ్లు అనుకోరు. మా సిగ్నల్‌వాళ్లమే అనుకుంటాం.

ఆ తర్వాత నేను చేసింది చెబితే మీకు నా మీద ఇంకా రోత పుడుతుంది. బకెట్టు తన్నలేదు. అరవలేదు. ఫోన్లో ఒక ఫోటో తీసుకున్నాను, అంతే. యాంటెన్నా జాయింటు విప్పి, తడి తుడిచి, టేపు చుట్టి, పచ్చలైటు వెలిగేదాకా ఉండి, పని పూర్తయిందని కాగితం మీద సంతకం తీసుకుని మరీ వచ్చాను. చేతులు వాటంతటవే చేసేశాయి.

అక్కకు మూడు రోజులు చెప్పలేదు. పెద్ద కస్టమరు, కంపెనీ ఊరుకోదు, పిల్లల చదువులు. ఇవన్నీ నాకు నేనే చెప్పుకున్నాను. నోరు చూస్తే ఇంత, గుండె చూస్తే గింత. నాలుగో రోజు ఆమె కాళ్లకు రాయడానికి మందు తీసుకుని వెళ్లాను. మందు చేతిలో పెట్టి, ఫోటో చూపించి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఆమె ఫోటోను దగ్గరగా పెట్టుకుని చూసింది. వేళ్లతో పెద్దది చేసి చూసింది.

"అంటే దారిల ఏం మారలే."

"మారలే అక్కా."

"మొదటికే మోసమన్నట్టు."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. లేచి చీర దులుపుకుని, "ఇగ పా, ఆఫీసుకు పోదం" అంది.

"ఒక్క దినం ఆగక్కా. మా పెద్దసారును ఒక మాట అడిగి..."

"ఆ దినం రాసిచ్చేటప్పుడు ఎవ్వల్నడిగినవ్ రా?"

ఎవరినీ అడగలేదు. బండి తీశాను.

ఆఫీసరు ఫోటో చూసి, ఫైలు తెప్పించి, నా గుండ్రటి అక్షరాల కాగితం నా ముందే పెట్టాడు. "ఇది మీరు రాసిందే కదండీ?" అన్నాడు. ఎగతాళి లేదు ఆ గొంతులో, అదే ఇంకా కష్టంగా తోచింది.

"నేనే రాసిన సార్. అందులో తప్పు లేదు. కానీ నేను చెప్పింది కొలత పొయ్యే తొవ్వ గురించి, నీళ్ల గురించి కాదు. నీళ్ల సంగతి చెప్పకుండ తొవ్వ గురించి గొప్పలు చెప్పిన. నేను బుద్ధిలేని పని చేసిన." ఇంకో కాగితం అడిగి, బకెట్టు సంగతి, మన్ను పొట్లం సంగతి, మూత సంగతి కూడా రాసి సంతకం పెట్టాను. మర్నాడే ఆ సంగతి మా కంపెనీకి తెలిసింది. నన్ను ఆ ఫ్యాక్టరీల వైపు పంపడం మానేశారు. ఉద్యోగం ఉందా ఊడిందా అన్నది ఇప్పటికీ తేలలేదు.

ఆఫీసువాళ్లు నాలుగు రోజులకు ఫ్యాక్టరీకి వెళ్లారు. అప్పటికి బకెట్టు లేదు. ఒడిశా అతను లేడు, ఊరికి పోయాడన్నారు. మీటరు గొట్టం బుద్ధిగా కాలువలోనే ఉంది. కాలువ ఎండి ఉంది. మరమ్మతుల కోసం మిషన్లు ఆపామని చెప్పి మేనేజరు చాయ్ ఇచ్చాడట. ఇక మిగిలిన సాక్ష్యం అక్క బావి ఒక్కటే. నెలల తరబడి ఇంకినది అందులో ఎక్కడికీ పోదు. ఆ నీళ్లు పరీక్షలో నిలబడితే కేసు నిలబడుతుంది, లేకపోతే అక్క అబద్ధాలకోరు అవుతుంది.

జీపులో వచ్చారు, ఆఫీసరూ ఇంకో ఇద్దరూ. చేదతో నీళ్లు తోడి రెండు క్యాన్లలో పట్టి, మూతల చుట్టూ సీలు వేసి, చీటీ అంటించారు. ఒకటి మీరు ఉంచుకోండమ్మా అని అక్క చేతికిచ్చారు. రెండోది ల్యాబుకు. నేను ముందుకు పోయి, "నేను తీస్కపోయి జీపుల పెడ్త తే" అన్నాను.

అక్క నాకు అడ్డంగా నిలబడింది. "వద్దు. ముట్టుకోకు" అంది.

తర్వాత ఆఫీసరు వైపు తిరిగి, "సారూ, గీ నీళ్లు టవర్ల పోతయా, బండ్ల పోతయా?" అని అడిగింది.

జీపులో ఉన్న ఇద్దరూ నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. "బండిలోనే అమ్మా. హైదరాబాద్ ల్యాబుకు."

"అయితే నేను గూడ వస్త."

"అట్లా ఎవరూ రారమ్మా, సీలు వేశాం కదా."

"ఎవ్వరు రాకపోతే ఏంది. నా బాయి నీళ్లు, నా కండ్ల ముంగటనే పోవాలె." ఆయన ఇంకేమైనా అనేలోపే బురదకాళ్లతో వెనక సీట్లోకి ఎక్కి, ల్యాబు క్యాన్ ఒళ్లో పెట్టుకుని కొంగు కప్పింది. ఆ కాళ్లకు నేను తెచ్చిన మందు ఇంకా రాసుకోలేదు.

"నేను గూడ రావాల్నా అక్కా?"

అక్క నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. చిన్నప్పుడు నన్ను సంతకు తీసుకుపోకుండా ఇంట్లో వదిలేసి పోయేటప్పుడు అలాగే చూసేది.

"నువ్వెందుకు తమ్మీ. ఇంటికాడ బర్రెకు కుడితి పెట్టు. నీళ్లు మాత్రం మా ఇంటియి కలపకు, మీ ఇంటికెళ్లి తెచ్చుకో."

జీపు కదిలింది. నేను మా ఇంటికి పోయి నీళ్లు తెచ్చి కుడితి కలిపాను. బర్రె తాగేముందు చాలాసేపు వాసన చూసింది.